పక్షికి చేరువయ్యే విద్య

ఆషాఢమాసంలో కృష్ణా డెల్టా కొత్త రూపు దాలుస్తుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి విడుదలైన నీరు బందరు కాలువ నిండుగా పారి, పిల్లకాలువల గుండా ఉయ్యూరు, పామర్రు ప్రాంతాల పొలాలకు చేరుతుంది. రైతులు నాట్ల కోసం మడులను దమ్ము చేస్తుంటారు. అలా దమ్ము చేస్తున్న ట్రాక్టరు వెనుక పదుల కొద్దీ తెల్లకొంగలు బారులు తీరి నడుస్తాయి. యంత్రం హోరు వాటిని బెదరించదు. చక్రాలకు బారెడు దూరంలోనే తిరుగుతూ, బురదలోంచి పైకి తేలిన పురుగులను, కప్పపిల్లలను అవి ఏరుకొని తింటాయి. గట్టు మీద నారుకట్టలు మోసుకుపోయే కూలీలను కూడా పట్టించుకోవు. అంతలో ఒక యువకుడు రోడ్డు పక్కన బండి ఆపి, కెమెరా చేతపట్టుకొని, కొంగలనే చూస్తూ తిన్నగా పది అడుగులు వేస్తాడు. మరుక్షణంలో కొంగలన్నీ లేచిపోతాయి. అతని చిత్రంలో ఖాళీ మడి మాత్రమే మిగులుతుంది.

ట్రాక్టరుకు బెదరని పక్షి ఒంటరి మనిషికి ఎందుకు బెదిరింది? ఈ ప్రశ్నకు సమాధానం తెలిస్తే, వన్యపక్షుల ఛాయాచిత్రణంలోని కీలకం సగం బోధపడినట్లే. పక్షి మనిషి ఆకారాన్ని మాత్రమే చూసి భయపడదు. ఆ మనిషి దృష్టి ఎటు ఉన్నదో, నడక ఎలా ఉన్నదో కూడా అది గమనిస్తుంది. తన పని తాను చేసుకొనే కూలీ వల్ల దానికి ప్రమాదం లేదు. కన్నార్పకుండా తననే చూస్తూ తిన్నగా నడిచి వచ్చేవాని తీరు పిల్లి తీరు, నక్క తీరు. తరతరాలుగా అలాంటి నడకను గుర్తించి తప్పించుకొన్న పక్షుల సంతతే నేడు మిగిలి ఉన్నది.

స్విట్జర్లాండుకు చెందిన జంతుశాస్త్రవేత్త హైనీ హెడిగర్ (1908-1992) ఈ విషయాన్ని శ్రద్ధగా పరిశీలించాడు. శత్రువు ఎంత దూరంలో ఉండగా జంతువు పారిపోతుందో ఆ దూరాన్ని ఆయన ‘పలాయన దూరం’ అన్నాడు. ఈ దూరం అన్ని పక్షులకూ ఒకటి కాదు. ఒకే జాతి పక్షికైనా అన్ని చోట్లా ఒకేలా ఉండదు. వేట సాగే చోట అది పెరుగుతుంది, మనుషుల వల్ల హాని లేని చోట తగ్గుతుంది. మేత దొరికే చోటును విడిచి ఎగరడం పక్షికి నష్టం, ఎగరకుండా నిలవడం ప్రమాదం. ఈ రెండింటిలో ఏది ఎక్కువో అది అనుక్షణం అంచనా వేసుకొంటూ ఉంటుంది.

తెలుగు రైతులకు ఈ సంగతి శాస్త్రజ్ఞులు చెప్పకముందే తెలుసు. వారు పక్షులకు పెట్టిన పేర్లే ఇందుకు సాక్ష్యం. పశువుల వీపు మీద కూర్చొని, వాటి అడుగుల కింద లేచే మిడతలను పట్టే నల్లని పక్షిని వారు ‘పసులపోలిగాడు’ అన్నారు. కాలువ గట్టున మట్టిరంగు ఈకలతో కదలక మెదలక నిలబడే చిన్నకొంగను ‘గుడ్డికొంగ’ అన్నారు. మనిషి బాగా దగ్గరకు వచ్చేవరకు అది కదలదు గనుక దానికి చూపు లేదేమో అనిపిస్తుంది. నిజానికి దాని చూపు మిక్కిలి తీక్ష్ణమైనది. మట్టిలో కలిసిపోయే తన రంగును నమ్ముకొని అది నిలిచి ఉంటుంది. ఆ నమ్మకం సడలిన క్షణంలో తెల్లని రెక్కలు విప్పి ఎగిరిపోతుంది.

ఛాయాచిత్రకారునికి ఈ దూరం ఎందుకంత ముఖ్యం? నలభై మీటర్ల దూరంలో ఉన్న పక్షికి ఇరవై మీటర్ల దగ్గరకు చేరితే చిత్రంలో దాని ఎత్తు రెండింతలు, అది ఆక్రమించే వైశాల్యం నాలుగింతలు అవుతుంది. దూరాన్ని దగ్గరగా చూపే పెద్ద కటకాలు ఈ పనిని కొంతవరకు చేయగలవు. కానీ వాటికీ పరిమితి ఉన్నది. ఎండ ముదిరిన తరువాత పొలాల మీది వేడిగాలి అలలు అలలుగా కదలుతూ ఉంటుంది. ఆ గాలిపొరల గుండా దూరపు పక్షిని చిత్రిస్తే, ఎంత ఖరీదైన కటకమైనా ఈకల అంచులను స్పష్టంగా చూపలేదు. దూరం తగ్గితే మధ్యనున్న గాలి తగ్గుతుంది, కంటిలోని మెరుపు తెలుస్తుంది. అందుచేతనే అనుభవజ్ఞులు సూర్యోదయం తరువాతి తొలి గంటలను ఎన్నుకొంటారు. అప్పుడు గాలి నిలకడగా ఉంటుంది, వెలుగు ఏటవాలుగా పడుతుంది, పక్షులు మేతలో నిమగ్నమై ఉంటాయి.

చేరువయ్యే విద్యలో మొదటి మెట్టు పక్షి దినచర్యను తెలుసుకోవడం. విజయవాడ నుంచి ఏలూరు వైపు, బందరు వైపు సాగే కాలువల గట్ల మీద లకుముకి పిట్టలు తరచుగా కనిపిస్తాయి. లకుముకి చేపను పట్టిన తరువాత సాధారణంగా తనకు అలవాటైన కొమ్మకే తిరిగి వస్తుంది. ఆ కొమ్మ కింద తెల్లని రెట్టల మరకలు ఉంటాయి. ఆ గుర్తును చూడగలిగినవాడు పిట్టను వెంబడించనక్కరలేదు. పిట్ట లేని సమయంలో అక్కడికి కొంత దూరంలో, సూర్యుణ్ణి వెనుక ఉంచుకొని కూర్చుంటే చాలు. కొంతసేపటికి అదే వస్తుంది. పక్షి దగ్గరకు మనిషి వెళ్లడం కన్న, మనిషి ఉన్న చోటికి పక్షి రావడం ఇద్దరికీ మేలు. అప్పుడు దూరాన్ని నిర్ణయించేది పక్షే గనుక దానికి భయం ఉండదు.

నడిచి చేరవలసి వచ్చినప్పుడు నడకే ప్రధానం. తిన్నగా పోకుండా, పక్షిని దాటి వేరొక చోటికి పోతున్నట్లు పక్కవాటుగా సాగాలి. నాలుగడుగులు వేసి ఆగాలి. పక్షి తల దించి మేత మేయడం మొదలుపెట్టిన తరువాతనే మరల కదలాలి. దానివైపు అదే పనిగా చూడరాదు. గట్టు మీద నిటారుగా నిలబడితే మనిషి ఆకారం ఆకాశం ముందు నల్లగా, స్పష్టంగా కనిపిస్తుంది. కాబట్టి గట్టు దిగువన వంగి నడవడం మంచిది. తెల్లని దుస్తులు, మెరిసే రంగులు పనికిరావు. ఎండిన గడ్డి రంగు, మట్టి రంగు అనుకూలం. గట్టు వారన బోర్లా పడుకొని పక్షి కంటి ఎత్తున కెమెరా నిలిపినవాడు తక్కువ ఎత్తులో ఉంటాడు గనుక పక్షికి ప్రమాదకరంగా కనిపించడు. అతని చిత్రం కూడా పక్షిని పై నుంచి చూసినట్లు కాక, దాని లోకంలోనే నిలిచి చూసినట్లు ఉంటుంది. గాలి దిశను గమనించడం కూడా అవసరం. పక్షులు చాలావరకు గాలికి ఎదురుగా నిలుస్తాయి, గాలికి ఎదురుగానే ఎగురుతాయి.

తమ రూపాన్ని కప్పుకొని చిత్రించే పద్ధతి ఇంకొకటి ఉన్నది. వేటగాళ్లు దీనిని ‘మాటు వేయడం’ అంటారు. ఛాయాచిత్రణం ఆ మాటనూ, ఆ ఉపాయాన్నీ వేట నుంచే స్వీకరించింది. ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ కేర్టన్, చెర్రీ కేర్టన్ సోదరులు ఈ రంగంలో మార్గదర్శకులు. పక్షుల గూళ్లను గురించి వారు 1895లో ప్రచురించిన పుస్తకంలోని బొమ్మలన్నీ ఛాయాచిత్రాలే. పక్షుల కంట పడకుండా ఉండేందుకు వారు చెక్క చట్రంపై ఎద్దు చర్మాన్ని కప్పి, ఆ బోలు ఎద్దు లోపల దాగి, ఒక రంధ్రం గుండా చిత్రాలు తీశారు. ట్రాక్టరు వెనుక నడిచే మన తెల్లకొంగలు ఒకప్పుడు అరక దున్నే ఎద్దుల వెనుక నడిచేవి. ఎద్దు వల్ల పక్షికి భయం లేదన్న సత్యం మీదనే కేర్టన్ సోదరుల ఉపాయం ఆధారపడింది.

ఈ కాలంలో అంత శ్రమ అవసరం లేదు. కాలువ గట్టున ఆగిన కారే మంచి మాటు. తీగ మీది పాలపిట్ట నిత్యం లారీలను, బస్సులను చూస్తూ ఉంటుంది. వాహనాన్ని నెమ్మదిగా ఆపి, ఇంజను కట్టి, లోపలి నుంచే చిత్రం తీస్తే అది కదలదు. తలుపు తెరచి నేల మీద కాలు పెట్టిన క్షణంలోనే ఎగిరిపోతుంది. కొల్లేటిలో పడవ ఇదే పని చేస్తుంది. గడను ఆపి పడవను దాని మానాన తేలనిస్తే, నీటిపక్షులు దానిని నీటిలో కొట్టుకువచ్చే వస్తువుగానే భావిస్తాయి.

ఇంతవరకు చెప్పినది చేరే ఉపాయం. ఎక్కడ ఆగాలో తెలియడం అంతకన్న పెద్ద విద్య. పక్షి ఎగిరిపోవడానికి ముందే తన కలతను తెలియజేస్తుంది. మేత మాని తల ఎత్తుతుంది. మెడ సాగదీస్తుంది. వదులుగా ఉన్న ఈకలను ఒంటికి బిగించుకొంటుంది. ముందుకు వంగుతుంది. కొన్ని పక్షులు ఎగరబోయే ముందు రెట్ట వేస్తాయి. మొదటి గుర్తు కనబడగానే ఆగినవానికి పక్షి అలవాటు పడుతుంది. గుర్తును లెక్కచేయక ఇంకొక అడుగు వేసినవాడు పక్షిని పోగొట్టుకొంటాడు. శీతకాలంలో ఉత్తర దేశాల నుంచి కొల్లేటికి వలస వచ్చే సూదితోక బాతుల విషయంలో ఆ ఒక్క అడుగు విలువ ఇంకా ఎక్కువ. తిరుగు ప్రయాణానికి అవి ఇక్కడి మేతతోనే కొవ్వును కూడబెట్టుకోవాలి. పదే పదే లేపితే మేసే సమయం తగ్గుతుంది, కూడబెట్టుకొన్న శక్తి ఖర్చవుతుంది.

గూటి దగ్గర ఈ నష్టం ప్రాణనష్టం అవుతుంది. తీతువు పిట్ట వేసవిలో బీడు నేల మీదనే, మట్టిబెడ్డల నడుమ గుడ్లు పెడుతుంది. మనిషి సమీపిస్తే అది పెద్దగా అరుస్తూ, తల మీదుగా దూసుకు వస్తుంది. ఆ దృశ్యం ఛాయాచిత్రకారునికి అద్భుతంగా తోచవచ్చు. కానీ అతడు చూస్తున్నది తన గుడ్లను కాపాడుకొనే తల్లి ఆరాటం. వేసవి ఎండలో ఆ గుడ్లకు తల్లి నీడయే రక్ష. తీతువు నీటిలో పొట్ట ఈకలను తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుందని పరిశీలకులు గుర్తించారు. చిత్రకారుడు అరగంట అక్కడే నిలిచితే ఆ అరగంటా గుడ్లు ఎండలో మాడుతాయి. తల్లి లేచిన చోటును కాకి కనిపెడుతుంది. అతడు మంచి చిత్రంతో ఇంటికి చేరేసరికి గుడ్లు కాకి పాలు కావచ్చు. ఆ సంగతి అతనికి ఎన్నటికీ తెలియదు.

భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అందులో ‘వేట’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనం గమనింపదగినది. చంపడం, పట్టుకోవడం మాత్రమే వేట కాదు. వన్యపక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లకు గాని గూళ్లకు గాని కలత కలిగించడం కూడా ఆ నిర్వచనంలో చేరినవే. తరమడం, ఎర చూపడం కూడా అందులో ఉన్నవి. అభయారణ్యంలో ఛాయాచిత్రాలు తీయడానికి ప్రవేశానుమతి పొందాలని కూడా ఆ చట్టమే చెబుతున్నది. చేతిలో తుపాకి లేనంత మాత్రాన వేటగాడు కాకపోడని దీని భావం.

సులభ మార్గాలను ఆశ్రయించేవారు లేకపోలేదు. కొందరు ధ్వనిముద్రిత కూతను వినిపించి పక్షిని రప్పిస్తారు. తన చోటులోకి పోటీదారు వచ్చిందని భ్రమించి మగపక్షి గూటిని, మేతను విడిచి వెతుకులాడుతుంది. కొందరు ఎగిరే చిత్రం కోసం చప్పట్లు కొడతారు, రాళ్లు విసురుతారు. కొందరు గూటికి అడ్డమని ఆకులను, కొమ్మలను తొలగిస్తారు. ఆ ఆకులే పిల్లలకు నీడ, శత్రువు కంటికి తెర. ఇటీవలి కాలంలో డ్రోను యంత్రాలను గూళ్ల పైకి పంపడం కూడా కనిపిస్తున్నది. పై నుంచి దూసుకువచ్చే దేనినైనా పక్షులు డేగగానే తలుస్తాయి. గూడు ఉన్న చోటును సామాజిక మాధ్యమాలలో ప్రకటించడం వేరొక ప్రమాదం. ఒకడు జాగ్రత్తగా తీసిన చిత్రం వెంట వందమంది అజాగ్రత్తపరులు అక్కడికి చేరవచ్చు. అందుకే కొన్ని ఛాయాచిత్ర పోటీలలో గూటి చిత్రాలను స్వీకరించడం లేదు.

ఇందుకు భిన్నమైన చేరువ ఎలా ఉంటుందో గుంటూరుకు సమీపంలోని ఉప్పలపాడు గ్రామం చూపుతుంది. అక్కడి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు కిక్కిరిసి గూళ్లు కట్టుకొంటాయి. గట్టు మీద నిలబడితే పిల్లలు తల్లి ముక్కు సంచిలో తల దూర్చి చేపలు తినడం కూడా కనిపిస్తుంది. ఆ చేరువ ఏ ఛాయాచిత్రకారుని నేర్పు వల్లా వచ్చినది కాదు. గ్రామస్థులు ఏళ్ల తరబడి ఆ పక్షులను తరమలేదు, కొట్టలేదు, గూళ్ల జోలికి పోలేదు. వారి నిగ్రహమే పక్షుల పలాయన దూరాన్ని తగ్గించింది. బయటినుంచి వచ్చే చిత్రకారుడు అనుభవిస్తున్నది ఆ ఊరివారు కూడబెట్టిన నమ్మకాన్ని.

ఆ నమ్మకం చెదిరితే తిరిగి కుదురుకోవడం కష్టం. కొల్లేటి ప్రాంతపు చరిత్ర ఈ విషయాన్ని తెలుపుతుంది. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామంలో గూడబాతుల గూళ్ల పెద్ద సముదాయాన్ని 1940లలో కె.కె. నీలకంఠన్ పరిశీలించి లోకానికి తెలిపాడు. ఆంగ్ల అధ్యాపకుడైన ఈయన తరువాత ‘ఇందుచూడన్’ పేరుతో కేరళ పక్షులను గురించి మలయాళంలో ప్రసిద్ధ గ్రంథం రచించాడు. ఆరేడులోని ఆ గూళ్లు 1970ల నాటికి లేకుండా పోయాయి. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటింపబడింది. 2002లో రామ్సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. కైకలూరు సమీపంలోని ఆటపాకలో చెట్లు చాలని చోట అటవీశాఖ ఇనుప మంచెలను ఏర్పాటు చేసింది. గూడబాతులు వాటిని స్వీకరించి, వాటి మీదనే గూళ్లు కట్టుకొంటున్నాయి. పొదిగిన వెంటనే ఆ పిల్లల ఒంటి మీద ఈకలు ఉండవు. ఎండ నుంచి వాటిని కాచేది తల్లిదండ్రుల రెక్కల నీడయే. పడవను ఒక్క బార ముందుకు పోనిమ్మని పడవవానిని తొందరపెట్టే సందర్శకుడు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

పక్షికి చేరువ కావడంలోని ధర్మాన్ని తెలుగు సాహిత్యం ఏనాడో కథగా చెప్పింది. కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు 15వ శతాబ్దిలో, శ్రీహర్షుని సంస్కృత కావ్యాన్ని అనుసరించి ‘శృంగార నైషధం’ రచించాడు. అందులో నలమహారాజు ఉద్యానంలోని సరస్సు ఒడ్డున నిద్రిస్తున్న బంగారు హంసను చూస్తాడు. అడుగుల సవ్వడి వినబడకుండా చేరి దానిని పట్టుకొంటాడు. మాటువేయడంలో అంతకుమించిన నేర్పు లేదు. కానీ చేతికి చిక్కిన హంస వృద్ధురాలైన తల్లిని, బాలింత అయిన భార్యను తలచుకొని విలపిస్తుంది. రాజు మనసు కరిగి దానిని విడిచిపెడతాడు. అప్పుడు ఎగిరిపోయిన హంస తనంతట తానే తిరిగి వచ్చి అతని చెంత నిలుస్తుంది. దమయంతిని గురించి అతనికి చెప్పేది, అతని తరపున ఆమె వద్దకు దూతగా వెళ్లేది ఆ హంసే. నేర్పుతో పట్టుకొన్నప్పుడు నలునికి దక్కినది దాని ఏడ్పు. దయతో విడిచినప్పుడు దక్కినది దాని స్నేహం.

కెమెరా పట్టిన ప్రతి యువకునికీ ఈ రెండు అనుభవాలలో ఒకదానిని ఎన్నుకొనే అవకాశం ఉన్నది. పొలం గట్టున అతడు ఆగవలసిన చోట ఆగితే, ఎత్తిన మెడ తిరిగి దిగుతుంది, బిగిసిన ఈకలు వదులవుతాయి, కొంగ మరల మేత మేస్తుంది. అప్పుడు తీసిన చిత్రంలో పక్షి కొంత చిన్నదిగా కనిపించినా, దాని బ్రతుకు చెక్కుచెదరకుండా ఉంటుంది. అతడు వెనుదిరిగి వెళ్లిన తరువాత కూడా ఆ పక్షి అదే చోట, అదే పనిలో ఉన్నదంటే అతనికి ఆ విద్య పట్టుబడినట్లే.